అల్లాయ్‌లు వేశాక నట్టు ఐదు చుట్లే పడుతుంది, పొడుగు స్టడ్లు వేయించాలా?

ప్రశ్న: అన్నా, నా హైలక్స్‌కి బయట అల్లాయ్ వీల్స్ వేయించిన, బోల్టు దగ్గర మందం ఎక్కువుంది, నట్టు ఐదు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. పొడుగు స్టడ్లు (నట్టు ఎక్కే మర బోల్టులు) వేయిస్తే సరిపోతదా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: వేయించాల్సిందే తమ్ముడూ, అప్పటిదాకా పాత వీల్స్ మీదే తిరుగు, ఆ అల్లాయ్‌లతో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకు. నీ బండి స్టడ్ ఎం12, అంటే 12 మిల్లీమీటర్ల లావు, పిచ్ 1.5, అంటే ఒక్కో చుట్టుకి నట్టు 1.5 మిల్లీమీటర్లు ముందుకెళ్తది. మర కనీసం స్టడ్ లావంత పట్టాలి, అంటే 12 మిల్లీమీటర్లు, ఎనిమిది చుట్లు.

చాలామంది పొడుగొక్కటే చూసి కొంటరు, కానీ హబ్‌లో (వీల్ బిగించే ఇరుసు భాగంలో) బిగుసుకునే గీతల భాగం లావు కూడా పాతదానితో కలవాలి, అది సన్నగుంటే స్టడ్ హబ్‌లోనే గిర్రున తిరుగుద్ది, లావైతే హబ్ పగలొచ్చు, అందుకే పాత స్టడ్ ఒకటి పీకించి రాణిగంజ్ పట్టుకెళ్లి వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరంతో) కొలిపించు. నీ నట్లు మూతవి అయితే ఇంకో ప్రమాదం, పొడుగు స్టడ్ మూతకి తగిలి ఆగిపోద్ది, టైటయినట్టే ఉంటది కానీ వీల్ లూజే, అప్పుడు లోతైన నట్లో ఓపెన్ నట్లో తీసుకో.

సుత్తితో కొట్టనియ్యకు, బేరింగ్ పాడవుద్ది, హబ్ విప్పి ప్రెస్ మీద ఎక్కించమను. మరకి ఆయిల్ వద్దు. టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగించాలో కొలిచే పానాతో) ఎదురెదురుగా బిగించి, 80-100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చెక్ చేయించు.