ఆ చిత్రం రోమన్ ఆలయానిది కాదు

మీరు ఒక చిత్రం చూపి, ఇది ఏ రోమన్ ఆలయం, దాని ఫొటో ఎక్కడ దొరుకుతుందని అడిగారు. పొడవాటి కమాను కప్పు, కింద ప్రాచీన వస్త్రధారణలో మనుషులు కనిపిస్తున్నందున మీకు అలా తోచడం సహజమే గాని, అది ఫ్రెంచి వాస్తుశిల్పి ఎతియెన్ లూయీ బూలే పారిస్‌లోని రాజ గ్రంథాలయానికి 1785లో ప్రతిపాదించిన పఠన మందిరం. అప్పటికే ఉన్న గ్రంథాలయ భవనాల నడుమ ముంగిలికే కప్పు వేసి, సుమారు 100 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల హాలుగా మార్చాలన్నది ఆయన ఆలోచన. దీనివల్ల ఖర్చు కూడా తగ్గుతుందని ఆయన వాదన. ఇరువైపులా మెట్లుమెట్లుగా లేచిన పుస్తకాల వరుసలను గమనించండి: వేర్వేరు ఎత్తుల్లో నిలబడినవారు పుస్తకాన్ని చేతి నుంచి చేతికి అందించాలట! వెలుతురు కప్పు నడిమి తెరపి నుంచే దిగుతుంది. ఆ మందిరం కట్టనే లేదు కనుక ఫొటో దొరకదు. బూలే గీసిన ఈ చిత్రం కోసమైతే ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయపు డిజిటల్ భాండాగారమైన గాలికా (Gallica)లో ఆయన పేరుతో వెతకండి.