వడగళ్లు ఒక వీధిలో, కూలిన చెట్లు మరో వీధిలో

ప్రశ్న: గత వారం ఉరుములు మెరుపులతో వచ్చిన గాలివానలో మా ఇంటి కిటికీ అద్దాలు, పైకప్పు సిమెంటు రేకులు వడగళ్లకు పగిలాయి. అర కిలోమీటరు అవతల ఒక్క వడగల్లు కూడా రాలలేదు గాని, పెద్ద చెట్లు వేళ్లతో సహా కూలాయి. వచ్చింది టోర్నడో (మేఘం నుంచి నేలదాకా దిగే బలమైన సుడిగాలి) అని కొందరి వాదన. నిజమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: ఈ రెండు నష్టాలూ ఒకే క్యుములోనింబస్ మేఘం (ఉరుములు మెరుపులు తెచ్చే ఎత్తైన మేఘం) వల్ల జరిగి ఉండవచ్చు. ఒకటి ఆ మేఘంలో పైకి లేచే గాలి పని, రెండోది కిందికి దిగే గాలి పని. పైకి ఎగసే గాలి నీటి బిందువులను గడ్డకట్టే చలి ఉన్న ఎత్తులకు మోసుకుపోతుంది. అక్కడి మంచు గుళికలపై ఆ నీరు పేరుకుంటూ, గాలి మోయగలిగినంతసేపు వడగల్లు పెరుగుతూనే ఉంటుంది. అంతటి బలమైన గాలి మేఘంలో ఏదో ఒక భాగంలోనే ఉంటుంది కనుక, మేఘం సాగిన దారి వెంట వడగళ్లు సన్నని పట్టీగా పడతాయి. ఆ పట్టీ అంచు మీ రెండు వీధుల మధ్య పడి ఉంటుంది. వడగల్లు వ్యాసం రెట్టింపైతే బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది, పడే వేగమూ పెరుగుతుంది. 2010 జూలై 23న అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రం వివియన్‌లో పడిన వడగల్లు 20 సెంటీమీటర్ల వ్యాసంతో దాదాపు 880 గ్రాములు తూగింది.

ఇక గాలి సంగతి. పడుతున్న వాన కొంత ఆవిరై, వడగళ్లు కొంత కరిగి చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. బరువెక్కిన ఆ గాలి ఒక్కసారిగా కిందికి దూకి, నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది. 1975లో న్యూయార్క్‌లో జరిగిన విమాన ప్రమాదాన్ని పరిశీలించిన వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా దీనికి డౌన్‌బర్స్ట్ అని పేరు పెట్టారు. కొన్ని నిమిషాలే ఉన్నా, ఇది టోర్నడోను తలపించేంత విధ్వంసం చేయగలదు. కూలిన చెట్లను ఇంకా తొలగించకపోతే వాటి తలలు ఎటు పడ్డాయో చూడండి. అన్నీ ఒకే దిక్కుకో, విసనకర్ర విప్పినట్టు ఎడంగానో పడితే అది డౌన్‌బర్స్ట్ అనుకోవచ్చు. ఇరుకైన దారిలో ఒకదానికొకటి ఎదురుగా, అడ్డదిడ్డంగా పడితేనే టోర్నడోను అనుమానించాలి.

పగిలిన అద్దాలను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి. కప్పు మీదుగా వీచే గాలి అంచులనూ మూలలనూ పైకి లాగుతుంది. పగిలిన కిటికీలోంచి దూరిన గాలి అదే కప్పును లోపలినుంచి కూడా నెడుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందువల్ల మరో గాలివాన రాకముందే ముందుగా కిటికీలను మూయించండి. పగటిపూట గది చీకటి చేసి లోపలినుంచి కప్పును చూస్తే వెంట్రుకవాసి పగుళ్లలోంచి కూడా వెలుతురు కనిపించవచ్చు. పాత సిమెంటు రేకుల్లో, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ అనే పీచు ఉండవచ్చు కనుక వాటిని పగలగొట్టడం, ఆ పొడిని ఊడ్చడం వద్దు. శుభ్రం చేసేముందే ఫోటోలు తీసుకోండి. తెగిపడిన కరెంటు తీగల దగ్గరకు వెళ్లకండి.

ప్రశ్న: వడగళ్ల దెబ్బకు ఆకులన్నీ రాలిన పండ్ల చెట్లను కొట్టేయాలా? – మరో పాఠకుడు

జవాబు: తొందరపడకండి. విరిగి వేలాడే కొమ్మలను పదునైన కత్తితో నున్నగా కోసేయండి. చీలిన బెరడులోంచి తెగుళ్లు సులభంగా ప్రవేశిస్తాయి. కొత్త చిగుళ్లు ఎక్కడివరకు వస్తాయో చూశాకే మిగతా కొమ్మల సంగతి నిర్ణయించండి.