5 సెంటీమీటర్లు సరే, పక్క ఓవర్‌ల్యాప్ ఎంత?

అమ్మడూ,

ఆశీస్సులు. నగరం మొత్తానికి ఏరియల్ ఫొటోగ్రఫీ చేయించే పని నీకు అప్పగించారని, 5 సెంటీమీటర్ల చిత్రాలు (ఒక్కో పిక్సెల్ నేల మీద 5 సెంటీమీటర్లను చూపేవి) కావాలని అడుగుతున్నారని రాశావు. ఎంత ఎత్తున ఎగరాలి, ఏ కెమెరా ఉండాలి అన్నవి నీ ప్రశ్నలు. రెండూ చెప్తాను. కానీ వాటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ఈ చిత్రాలు ముందేసుకుని ఎవరు ఏం గీస్తారు? రోడ్లు, పార్కులు, కాలువలు చాలంటే 10 సెంటీమీటర్లు హాయిగా సరిపోతాయి. ఇంటి గోడ వార, ప్రహరీ, మ్యాన్‌హోల్ మూత కావాలంటే 5కి దిగాలి. ఇది తేలకుండా సంఖ్య మాత్రం ముందే తేల్చేస్తారు. నేను చూసిన చాలా పనుల్లో ఇదే తంతు.

ఎత్తు లెక్క సులువే. సెన్సార్‌లో ఒక పిక్సెల్ కొలతను ఎగిరే ఎత్తుతో గుణించి లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించు. 4 మైక్రాన్ల పిక్సెల్, 100 మిల్లీమీటర్ల లెన్స్, 1250 మీటర్ల ఎత్తు అనుకుంటే నేల మీద 5 సెంటీమీటర్లు వస్తుంది. 2500 మీటర్లకు వెళ్తే 10. అయితే ఒక చదరపు కిలోమీటరుకు 10 సెంటీమీటర్ల దగ్గర 10 కోట్ల పిక్సెళ్లుంటే, 5 దగ్గర 40 కోట్లవుతాయి. డిస్కులు, ప్రాసెసింగ్ రోజులు, కళ్లతో సరిచూసే మనుషుల గంటలు అన్నీ ఆ దామాషాలోనే పెరుగుతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నగరంలో మనల్ని ఇబ్బంది పెట్టేది పిక్సెల్ సైజు కాదు, మేడలు వాలిపోవడం. కెమెరాకు సరిగ్గా కింద ఉన్న భవనం నిటారుగా కనిపిస్తుంది. చిత్రం అంచుకు పోయేకొద్దీ కప్పు బయటికి ఒరిగి పక్క రోడ్డును కప్పేస్తుంది. ఎంత ఒరుగుతుందో కాగితం మీదే చూసుకోవచ్చు: చిత్రం మధ్య నుంచి దూరాన్ని భవనం ఎత్తుతో గుణించి, ఎగిరే ఎత్తుతో భాగించాలి. ఒక్కో చిత్రం వెడల్పు నేల మీద 1250 మీటర్లనుకో. పక్క ఓవర్‌ల్యాప్, అంటే పక్కపక్క ఫ్లైట్ లైన్ల (విమానం ఎగిరే వరసల) చిత్రాలు ఒకదాని మీద ఒకటి పడే భాగం, 30 శాతం పెడితే ఆ లైన్ల మధ్య దూరం 875 మీటర్లు. అంటే రెండు లైన్లకు సరిగ్గా నడుమ ఉన్న భవనం, దగ్గరి లైనుకు కూడా 437 మీటర్ల దూరంలో ఉంటుంది. అది 50 మీటర్ల మేడ అయితే కప్పు సుమారు 17 మీటర్లు పక్కకు పోతుంది. చిన్న వీధి దాని వెనక మొత్తం మాయం. అదే 60 శాతం పెడితే లైన్ల దూరం 500కు, వాలు 10 మీటర్లకు తగ్గుతుంది.

అందుకే చెప్తున్నాను, టెండర్‌లో పిక్సెల్ సైజు ఒక్కటే రాసి ఊరుకోకు. అది ఒక్కటే రాస్తే ధర తగ్గించడానికి మొదట కోసేది పక్క ఓవర్‌ల్యాప్‌నే. లైన్లు తగ్గితే విమానం గంటలు తగ్గుతాయి కదా. పిక్సెల్ మాత్రం 5 సెంటీమీటర్లే ఉంటుంది, ఎవరినీ తప్పుపట్టలేవు. ముందుకు (ఒకే లైనులో వరస చిత్రాల మధ్య) 80 శాతం, పక్కకు 60 శాతం ఓవర్‌ల్యాప్ అని రాతపూర్వకంగా పెట్టించు. ఎత్తైన మేడలు గుంపుగా ఉన్న పేటల మీద ఇంకా దగ్గరగా లైన్లు వేయించు. నేల మీది ప్రతి బిందువూ కనీసం రెండు చిత్రాల్లో పడకపోతే దాని ఎత్తు తేలదు. మేడల సందుల్లో అదే ఎక్కువగా జరుగుతుంది. డబ్బు చాలకపోతే 5 సెంటీమీటర్లను 7కి పెంచు గానీ ఓవర్‌ల్యాప్ మాత్రం తగ్గించకు. ఈ మాట మీద నాతో వాదించినవాళ్లు చాలామందే ఉన్నారు, నేనైతే మారలేదు.

డ్రోన్లతో చేసేద్దాం అనే సలహా కూడా వస్తుంది. ఒక క్యాంపస్‌కో నాలుగు వీధులకో భేషుగ్గా ఉంటుంది. నగరమంతా అంటే బ్యాటరీలు మార్చడానికే ఒక బృందం కావాలి.

వెలుతురు సంగతి. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటే 30 మీటర్ల భవనం నీడ 52 మీటర్లు. 45 డిగ్రీల్లో 30 మీటర్లే. నగరానికి 40 దాటాకే ఎగరమను. పైన సమంగా పల్చటి మబ్బు పరుచుకున్న రోజును చాలామంది వదులుకుంటారు. కాంతి సరిపడా ఉండి, మబ్బు విమానానికి పైనే ఉంటే నేను ఎగరమంటాను. నీడలు కరిగిపోయి సందులన్నీ చదవొచ్చు. వాన పడిన మర్నాడు గాలి కడిగినట్టుంటుంది గానీ కప్పుల మీద నిలిచిన నీళ్లు అద్దాల్లా మెరుస్తాయి, ఒక రోజు ఆగడం మేలు. షట్టర్ వేగం కూడా అడుగు. విమానం సెకనుకు 70 మీటర్లు పోతుంటే, 1/1000 సెకను ఎక్స్‌పోజర్‌లోనే 7 సెంటీమీటర్లు జరిగిపోతుంది, అంటే ఒక పిక్సెల్ కంటే ఎక్కువ. కెమెరాలో ఆ కదలికను సరిచేసే ఏర్పాటు ఉండి తీరాలి. లేకపోతే కాగితం మీద 5, కంటికి 10.

విమానాశ్రయం దగ్గరుంటే ఎయిర్ ట్రాఫిక్ వాళ్లతో ముందుగా మాట్లాడి, వాళ్లు ఖాళీ ఇచ్చే సమయాన్ని బట్టి లైన్ల దిశ నిర్ణయించుకో. అనుమతుల ఫైలు మొదటి రోజే కదిలించు.

కంట్రోల్ పాయింట్ల (చిత్రాలను సరైన చోట నిలబెట్టడానికి నేల మీద కొలిచే గుర్తుల) దగ్గర బద్ధకించకు. విమానంలో జీపీఎస్, ఐఎమ్‌యూ (విమానం వంపులు, కదలికలు కొలిచే పరికరం) ఎంత మంచివైనా, నేల మీద కొలిచిన బిందువులు లేకుండా బ్లాకును (కలిపి లెక్కగట్టే చిత్రాల మొత్తాన్ని) నమ్మలేం. జీబ్రా క్రాసింగ్‌లో తెల్లపట్టీ మూల మంచి గుర్తు. 40 సెంటీమీటర్ల పట్టీ 5 సెంటీమీటర్ల చిత్రంలో 8 పిక్సెళ్లుంటుంది, మూల ఎక్కడో చూపుడువేలు పెట్టి చూపించొచ్చు. కాలిబాట అంచు వద్దు. అక్కడ ఎత్తు ఒక్కసారిగా మారుతుంది, ఒక పిక్సెల్ తప్పితే ఎత్తు కొలత పాడవుతుంది. కార్లు ఆగే చోటూ వద్దు. సర్వే చేసిన వాళ్ల నుంచి రెండు ఫొటోలు తప్పనిసరిగా తీసుకో: కర్ర మొన మూల మీద ఆనిన దగ్గరి ఫొటో, ఆ చోటు మొత్తం కనిపించే దూరపు ఫొటో. సర్వేకీ ఎగరడానికీ మధ్య ఆ రోడ్డుకు కొత్తగా రంగు వేస్తే, చిత్రంలోని మూల, కొలిచిన మూల వేరువేరు. అప్పుడు ఈ ఫొటోలే అక్కరకొస్తాయి. ఎత్తులు ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కలో వాడే నమూనా) మీదా, సముద్రమట్టం మీదా అన్నది కూడా మొదటి సమావేశంలోనే తేల్చు. రెండింటి తేడా కొన్ని చోట్ల పదుల మీటర్లుంటుంది.

కొన్ని బిందువులను ఎవరికీ ఇవ్వకుండా నీ దగ్గరే ఉంచుకో. ట్రయాంగ్యులేషన్‌లో (చిత్రాలన్నిటినీ ఒకదానికొకటి, నేలతోనూ కలిపే లెక్కలో) వాడిన బిందువుల మీద తప్పు తక్కువ చూపించడం గొప్ప కాదు, లెక్క వాటినే పట్టుకుని సర్దుకుంటుంది. వాడని చెక్ పాయింట్ల మీద ఎంత వస్తుందో అదే నిజం. అమెరికాలో ఏరియల్ మ్యాపింగ్ నిపుణుల సంఘమైన ఏఎస్‌పీఆర్‌ఎస్ ప్రమాణం 2014లో కనీసం 20 చెక్ పాయింట్లు అంది, 2023 ఎడిషన్‌లో వాటిని 30 చేసింది. 30కి తగ్గనీయకు. అవన్నీ నగరం నడుమే కాకుండా అంచుల్లోనూ ఉండాలి.

ఆర్థో (మ్యాపులా కొలతలు తీయగలిగేలా సరిచేసి అతికిన చిత్రం) దగ్గర ఒక్క మాట అడుగు: మామూలు ఆర్థోనా, ట్రూ ఆర్థోనా? మామూలుది నేల ఎత్తుల మీద మాత్రమే సరిచేస్తారు, మేడలు వాలినట్టే ఉంటాయి, ఫ్లైఓవర్లు వంకరపోతాయి. ట్రూ ఆర్థోలో కప్పులు తమ గోడల మీదే నిలుస్తాయి, కానీ దానికి మంచి డీఎస్ఎమ్ (భవనాల కప్పులు కూడా కలిపిన ఎత్తుల నమూనా) కావాలి, దానికి మళ్లీ ఓవర్‌ల్యాప్ కావాలి. అద్దాల మేడల మీదా నీళ్ల మీదా సాఫ్ట్‌వేర్ తికమక పడుతుంది, అక్కడ మనిషే కూర్చుని సరిదిద్దాలి. మామూలు ఆర్థోతోనే సరిపెడితే సీమ్‌లైన్లు (రెండు చిత్రాలను అతికే గీతలు) రోడ్ల వెంట, కాలువల వెంట పోవాలి, భవనం మీంచి పోకూడదు. నమూనా టైలు (ఆర్థోలో ఒక ముక్క) రాగానే పెద్ద కూడలికి జూమ్ చేసి చూడు. సగం బస్సు తిరుగుతుంటే సీమ్‌లైన్ మీద ఎవరూ శ్రద్ధ పెట్టలేదన్నమాట. రంగులు మరీ మెరిసిపోయేలా ఉంటే కూడా మురిసిపోకు. మేడ నీడలోని గోడ వార కనిపిస్తోందా చూడు, అది నల్లగా ముద్దకడితే గీసేవాళ్లు ఊహించి గీయాల్సి వస్తుంది.

చివరికి డిస్కులు తీసుకునేటప్పుడు టైళ్లు మాత్రమే కాకుండా, ఒరిజినల్ చిత్రాలు, కెమెరా కాలిబ్రేషన్ రిపోర్టు, ట్రయాంగ్యులేషన్ ఫలితాలు కూడా తీసుకో. రేపు త్రీడీ మోడల్ కావాలన్నా, కొలతల మీద తగాదా వచ్చినా అవే కావాలి.

ఫ్లైట్ ప్లాన్ చేతికి రాగానే నాకు పంపు. దాంతో పాటు నగరంలో 50 మీటర్లు దాటిన భవనాలు ఎక్కడెక్కడున్నాయో ఒక మ్యాపు మీద గుర్తులు పెట్టి పంపు, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

పెదనాన్న