శరదృతువులో యూరప్: అమ్మానాన్నలతో వెళ్తే ఏ ఉత్సవాలు చూడాలి?

సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు రెండో వారం వరకు అమ్మానాన్నలతో కలిసి దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా, ఉత్తర ఇటలీ చూడబోతున్నామని, అమ్మగారు శాకాహారి అని, మ్యూనిక్‌లో జరిగే అక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు ఉత్సవం కోసం ప్రయాణాన్ని సర్దుకోవడం సమంజసమా, లేక అదే కాలంలో పెద్దవాళ్లకు అనువైన ఉత్సవాలు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగారు. నేను ఆరేళ్లు దక్షిణ జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేశాను. మా అమ్మానాన్నలు రెండుసార్లు ఇదే కాలంలో వచ్చి నా దగ్గర ఉన్నారు. ఆ అనుభవంతో చెప్పగలిగింది ఏమిటంటే, అక్టోబర్‌ఫెస్ట్‌కు ఒక్క పూట చాలు, కొండల మీది నుంచి పశువులు ఊళ్లలోకి దిగివచ్చే పండుగకు మాత్రం ఒక రోజంతా కేటాయించండి.

ముందుగా అక్టోబర్‌ఫెస్ట్ సంగతి. 1810 అక్టోబరులో, మ్యూనిక్ రాజధానిగా ఉన్న బవేరియా యువరాజు లుడ్విగ్‌కు, థెరేసేకు జరిగిన పెళ్లి సందర్భంగా ఊరి బయటి మైదానంలో గుర్రప్పందాలు నిర్వహించారు. అవే తర్వాత ఏటేటా జరిగే తిరణాలగా మారాయి, ఆ మైదానానికి పెళ్లికూతురి పేరే నిలిచిపోయింది. పేరులో అక్టోబరు ఉన్నా, చలి ముదరక ముందే ముగించాలని ఉత్సవాన్ని సెప్టెంబరులోకి జరిపారు కాబట్టి, అక్టోబరు మొదటి వారం దాటాక వెళ్తే ఖాళీ మైదానమే కనిపిస్తుంది. లోపలికి ప్రవేశం ఉచితం. అయితే మా వాళ్లను మొదటిసారి శనివారం సాయంత్రం తీసుకువెళ్లి నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. జనం నిండిపోయి గుడారాల తలుపులు అప్పటికే మూసేశారు. మా నాన్నగారి భుజానికి ఉన్న సంచి అనుమతించిన కొలత కంటే పెద్దదని గేటు దగ్గరే ఆపేశారు (మూడు లీటర్లకు మించిన సంచులను లోపలికి రానివ్వరు). చివరికి గంటన్నర నిలబడి, జెయింట్ వీల్‌ను దూరం నుంచి చూసి వెనక్కి వచ్చాము. రెండోసారి మంగళవారం ఉదయం పదిన్నరకు వెళ్లినప్పుడు మాత్రం బల్ల ముందుగా రిజర్వు చేసుకోకపోయినా హాయిగా కూర్చోగలిగాము. మ్యూనిక్‌లో ఆ రోజుల్లో హోటల్ గదుల ధరలు విపరీతంగా పెరుగుతాయి కాబట్టి ఆగ్స్‌బుర్గ్ లాంటి పక్క ఊళ్లో దిగి రైల్లో వెళ్లి రావడం మేలు. బవేరియా టికెట్ అని ఒకటుంది. దానితో ఐదుగురి వరకు ప్రాంతీయ రైళ్లలో రోజంతా తిరగవచ్చు. పనిదినాల్లో అది ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, సాల్జ్‌బర్గ్ వరకూ పనికివస్తుంది.

తిరణాల వాతావరణమే కావాలంటే స్టుట్‌గార్ట్‌లో దాదాపు అదే సమయంలో జరిగే కాన్‌స్టాట్ ఉత్సవం పెద్దవాళ్లకు నయమని నా అభిప్రాయం. ఆ ఊళ్లో ఉన్న మమకారం ఈ మాటలో కొంత ఉండవచ్చు. దాని పుట్టుక వెనుక కథ తెలిశాక మా నాన్నగారు అక్కడినుంచి కదలలేదు. 1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలై, ఆ ధూళి ఆకాశాన్ని కమ్మేయడంతో మరుసటి ఏడాది యూరప్‌కు వేసవే రాలేదు; పంటలు పోయి, స్టుట్‌గార్ట్ రాజధానిగా ఉన్న వుర్టెంబెర్గ్ రాజ్యం కరువులో పడింది. ఆ కరువు నుంచి తేరుకున్నాక, రైతులకు ఉత్సాహం కలిగించడానికి, మంచి పశువులకు బహుమతులు ఇవ్వడానికి రాజు మొదటి విల్‌హెల్మ్ 1818లో ఈ వ్యవసాయ ఉత్సవాన్ని మొదలుపెట్టాడు. మైదానం మధ్యలో పండ్లు, కూరగాయలు, ధాన్యపు కంకులతో అలంకరించిన 26 మీటర్ల స్తంభం నేటికీ నిలబెడతారు. మిగతాదంతా రంగులరాట్నాలు, బీరు, కోడి వేపుళ్లు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆల్ప్స్ పర్వతాల్లో రైతులు వేసవి మొదట్లో ఆవులను పైనున్న పచ్చిక మైదానాలకు తోలుకుపోతారు. అక్కడే పాలు పితికి జున్ను (మన జున్ను కాదు, చీజ్) చేస్తారు. సెప్టెంబరులో చలి మొదలవగానే మందను కిందికి దించుతారు. ఆస్ట్రియాలో దీన్ని ఆల్మ్‌అబ్‌ట్రీబ్ అంటారు; జర్మనీలోని ఆల్‌గాయ్ ప్రాంతంలో, పలువురి పశువులు కలిసి మేసిన మందను ఊళ్లో విడదీసి ఎవరివి వారికి అప్పగిస్తారు కాబట్టి ఫీషైడ్ అంటారు. ఆల్‌గాయ్‌లో ఇవి ఎక్కువగా సెప్టెంబరు మధ్యలోనే ముగుస్తాయి కాబట్టి మీకు అందకపోవచ్చు. ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతంలో, త్సిల్లర్ లోయ ఊళ్లలో మాత్రం అక్టోబరు మొదటి రోజుల వరకు సాగుతాయి.

ముందు నడిచే ఆవు నెత్తిన కొమ్మలతో, పూలతో, రంగు కాగితాలతో, కొన్నిచోట్ల మధ్యలో చిన్న అద్దంతో కట్టిన కిరీటం ఉంటుంది. మెడలో మామూలు గంట కాకుండా బిందె అంత గంట వేలాడుతుంది. మంద ఇంకా మలుపు తిరగక ముందే ఆ చప్పుడు లోయంతా వినిపిస్తుంది. మా అమ్మ ఆ కిరీటాలను చూసి, కనుమ నాడు మన ఇళ్లలో ఎడ్ల కొమ్ములకు రంగులు వేసి పూసలు కట్టేది గుర్తుచేసుకుంది. (ఆస్ట్రియా నుంచి ఇటలీకి దాటే బ్రెన్నర్ లాంటి కొండదారిని కూడా తెలుగులో కనుమ అనే అంటాము కదా అని నాన్నగారు నవ్వారు.) అయితే ఒక తేడా ఉంది, అదే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది: వేసవిలో కొండ మీద మందలో ఏ పశువైనా చనిపోయినా, పెద్ద ప్రమాదం జరిగినా, ఆ ఏడు ఆవులను అలంకరించరు. అందువల్ల పూలు లేకుండా మౌనంగా దిగివచ్చే మంద మీకు ఎదురైతే, ఏర్పాట్లు సరిగా చేయలేదని అనుకోకండి.

ఈ పండుగకు తేదీ ఏటా ఒకేలా ఉండదు. పైన మంచు కురిస్తే అనుకున్న రోజు కంటే ముందే జరిగిపోతుంది. నేను ఒకసారి అంతకు ముందు ఏడాది తేదీని నమ్ముకుని ఒక ఊరికి వెళ్తే, రోడ్డు మీద పేడ, దాన్ని కడుగుతున్న మునిసిపాలిటీ మనిషి మాత్రమే కనిపించారు. ఆ ఊరి పర్యాటక కార్యాలయం వెబ్‌సైటులో ఆ ఏటి తేదీ చూసుకుని, రెండు రోజుల ముందు మళ్లీ సరిచూసుకోండి. ఉదయం తొమ్మిదికల్లా చేరుకుంటే దారి పక్కన కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఆవులకు మరీ దగ్గరగా వెళ్లి ఫొటోలు తీయాలని పెద్దవాళ్లను తొందరపెట్టకండి. జనాన్ని చూసి బెదిరిన ఆవు ఎటు తిరుగుతుందో చెప్పలేము.

అక్టోబరు మొదట్లో సాల్జ్‌బర్గ్ దగ్గర ఉంటే, సరిహద్దుకు ఇవతల జర్మనీలోని క్యోనిగ్‌స్జే సరస్సు దగ్గరికి వెళ్లండి. సరస్సు ఆ చివర ఉన్న పచ్చికల నుంచి రోడ్డు లేదు కాబట్టి ఆవులను పడవల్లో తీసుకువస్తారు. నీళ్ల మీద గండం గడిచి ఒడ్డుకు చేరాకే వాటికి కిరీటాలు కడతారు. నిశ్శబ్దమైన నీళ్ల మీద పడవలో ఆవులు నిలబడి రావడం చూసినప్పుడు మా అమ్మ చేతులు జోడించింది.

భోజనం గురించి జాగ్రత్తగా చెప్పాలి. అక్కడ శరదృతువు వంటల్లో పేరుకు కూరగాయే ఉన్నా లోపల పంది మాంసపు ముక్కలు కలపడం పరిపాటి. కొత్త ద్రాక్షసారాతో తినే ఉల్లిపాయ పిండివంటలోనూ, టిరోల్ ప్రాంతపు బార్లీ సూపులోనూ అవి ఉంటాయి. మాంసం లేదా అని అడిగితే "లేదు, కొంచెం స్పెక్ మాత్రమే" (స్పెక్ అంటే ఊరబెట్టిన పంది మాంసమే) అన్న జవాబు మాకు రెండుసార్లు వచ్చింది. కాబట్టి స్పెక్ వేశారా అని ఆ పేరుతోనే అడగండి. గుమ్మడికాయ సూపు, జున్నుతో కలిపిన ష్పెట్స్‌లే (నూడుల్స్ లాంటి పిండి ముక్కలు), ఉప్పు అద్దిన బ్రెట్సెల్ (ముడి వేసినట్టుండే రొట్టె) సాధారణంగా దొరుకుతాయి. అమ్మగారు గుడ్డు తినకపోతే ష్పెట్స్‌లే కుదరదు, దాని పిండిలో గుడ్డు కలుపుతారు.

ఆ కొత్త ద్రాక్షసారాను ఫెడర్‌వైసర్ అంటారు. ఇంకా పులుస్తూనే ఉంటుంది. ఉదయం తియ్యగా ఉండి సాయంత్రానికి పుల్లబడే తాటికల్లు తెలిసినవారికి దీని స్వభావం కొత్తగా చెప్పనక్కరలేదు. వాయువు బయటికి పోవాలి కాబట్టి సీసా మూతను బిగించరు. ఆ సంగతి తెలియక నేను దాన్ని సంచిలో పడుకోబెట్టి రైలెక్కి, నాన్నగారి స్వెటర్ పాడుచేశాను. పండ్లరసంలా ఉందని గ్లాసు వెంట గ్లాసు తాగితే కాళ్లు తేలిపోతాయి.

ఇన్స్‌బ్రుక్ నుంచి రైల్లో బ్రెన్నర్ దాటి ఉత్తర ఇటలీలోని దక్షిణ టిరోల్‌కు దిగితే, బ్రిక్సెన్, క్లౌసెన్ చుట్టుపక్కల రైతుల ఇళ్లలో అక్టోబరు నుంచి టోర్గెలెన్ అనే శరదృతువు వేడుక మొదలవుతుంది. ద్రాక్షను పిండే గానుగకు అక్కడి మాండలికంలో ఉన్న పేరు నుంచే ఈ మాట వచ్చింది. పగలంతా చెస్ట్‌నట్ చెట్ల మధ్య నడిచి, సాయంత్రం ఏదో ఒక రైతు ఇంట్లో కూర్చుని కొత్త ద్రాక్షసారా తాగి, కాల్చిన చెస్ట్‌నట్‌లు, వెన్న తినడమే అందులోని వేడుక. మనవైపు పనసగింజలు నిప్పుల్లో కాల్చుకుని తినేవాళ్లకు ఆ రుచి దగ్గరగానే అనిపిస్తుంది. అర్ధచంద్రాకారంలో కజ్జికాయల్లా మడిచి లోపల పాలకూర, జున్ను పెట్టి ఉడికించే ష్లుట్స్‌క్రాప్ఫెన్‌ను మా అమ్మ రెండోసారి అడిగి తిన్నది. అందులోనూ గుడ్డు సంగతి ముందే కనుక్కోండి. ఈ ఇళ్లలో ముందుగా ఫోను చేసి చోటు చెప్పుకోవాలి, శనివారాలు దాదాపు దొరకవు.

మీరు ఫ్రాన్స్ గురించి అడగలేదు కానీ, తిరుగు ప్రయాణం పారిస్ నుంచైతే మోంమార్త్ర్ గుట్ట మీద అక్టోబరు రెండో వారం ప్రాంతంలో జరిగే ద్రాక్షకోత ఉత్సవాన్ని 1934 నుంచి జరుపుతున్నారని గుర్తుంచుకోండి. ఆ గుట్ట మెట్లు మోకాళ్ల నొప్పులున్నవారికి పడవు, కేబుల్ బండి ఎక్కించండి.

అక్టోబరు 3 జర్మనీలో జాతీయ సెలవు. ఆదివారాల్లాగే ఆ రోజూ దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి పాలు, పెరుగు ముందురోజే కొనిపెట్టుకోండి. కొండ ఊళ్లలో మధ్యాహ్నం ఎండ కాసినా ఉదయం నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలి ఉంటుంది. అమ్మగారికి చీర కింద వేసుకునే ఊలు లోదుస్తులు, జారని బూట్లు ఇక్కడే కొని తీసుకువెళ్లండి.