ఐదో ఫ్రెట్‌లో మోగే బార్ కార్డ్ ఎఫ్ దగ్గర మూగబోతోందా? నట్ చూడండి

గిటార్‌లో చూపుడు వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే బార్ కార్డ్ ఐదో ఫ్రెట్‌లో (ఫ్రెట్ అంటే మెడ మీది లోహపు కమ్మీ, దాని వెనక గడి) శుభ్రంగా మోగి, అదే షేప్ (వేళ్ల అమరిక) మొదటి ఫ్రెట్‌లో ఎఫ్ కార్డ్‌గా పడితే మూగబోతుంటే, తప్పు మీ వేలిది కాకపోవచ్చు. నట్‌లో (మెడ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీ) తీగలు కూర్చునే గాళ్లు తగినంత లోతుగా లేనట్టుంది. తీగలు అక్కడ ఎత్తుగా ఉంటే మొదటి ఫ్రెట్‌లో నొక్కడానికి చాలా ఎక్కువ బలం కావాలి. చవక గిటార్లలో ఇది మామూలే.

ఇలా చూడండి, చాలామంది వదిలేసేది ఇదే:

1. ఒక్కో తీగను రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టండి.
2. మొదటి ఫ్రెట్ మీద తీగ కింద సందు చూడండి. పల్చని కాగితమంత ఉంటే సరే. విజిటింగ్ కార్డ్ సులువుగా దూరితే నట్ ఎత్తు ఎక్కువే.
3. అనుమానం ఉంటే మొదటి ఫ్రెట్‌కి కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, రెండో ఫ్రెట్‌లో అదే షేప్ పట్టండి. ఒక్కసారిగా తేలికైతే ఇక సందేహం లేదు.

రిపేర్ షాపులో ఊరికే "యాక్షన్ (తీగల ఎత్తు) తగ్గించండి" అనకండి. రెండో చివర, బ్రిడ్జి దగ్గర తీగలు ఆనే శాడిల్ అనే పట్టీని అరగదీసి ఇచ్చేస్తారు, దానివల్ల మొదటి ఫ్రెట్‌లో పెద్దగా తేడా రాదు. "నట్ స్లాట్లు (గాళ్లు) లోతు చేయండి" అని విడిగా చెప్పండి. ఇంట్లో ఆకురాయితో మాత్రం ప్రయత్నించొద్దు. కాస్త ఎక్కువ అరిగినా ఓపెన్ తీగలు జరజరలాడతాయి, అప్పుడు కొత్త నట్ వేయించాల్సి వస్తుంది.

సందు సరిగ్గానే ఉంటే చూపుడు వేలిని బొటనవేలి వైపు అంచు మీదకు కాస్త తిప్పి, ఫ్రెట్ కమ్మీకి ఆనుకునేలా పెట్టండి. ఎఫ్‌లో ఆ వేలు నిజంగా నొక్కాల్సింది 6, 2, 1 తీగలనే (6 అన్నిటికన్నా లావుది, 1 సన్నది). మిగతావి వేరే వేళ్లు చూసుకుంటాయి.