పీహెచ్‌డీకి అప్లై చేసే ముందు, మా మేనకోడలికి

పర్లాకిమిడి

అమ్మడూ,

నువ్వు పంపిన పదకొండు యూనివర్సిటీల లిస్టు చూశాను. అన్నీ పేరున్నవే. కానీ ఒక్కదాని పక్కనైనా గైడు పేరు రాయలేదు. నాకు టెన్షన్ పుట్టింది అక్కడే.

ఒకే మనిషి ఎవరితో ఏ భాష మాట్లాడుతుందన్న నీ టాపిక్ నాకు ఎంతో నచ్చింది. గుణుపురం సంతలో చింతపండు అమ్మే సవర తెగ ఆవిడ మనతో తెలుగులో బేరమాడి, షావుకారుతో ఒరియాలో లెక్క చూసుకుని, పక్కనున్న చెల్లెలితో తమ సవర భాషలో మాట్లాడడం చూసే కదా నీకు ఈ ఆలోచన వచ్చింది. ఇదే ప్రశ్నను భాషాశాస్త్రం వాళ్ల దగ్గరికి తీసుకెళ్తే, ఆమె మాటలు రికార్డు చేసి, వాక్యం మధ్యలో భాష ఎక్కడ మారిందో చూడమంటారు. కోరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీకి వెళ్తే, ఆమె ఊళ్లో నెలల తరబడి ఉండి, ఎవరితో ఏ భాష ఎందుకు మాట్లాడుతుందో తెలుసుకోమంటారు. రెండూ మంచి పనులే, కానీ ఒక్క థీసిస్‌లో ఇమడవు. రోజూ పొద్దున్న లేచి ఏ పని చేయాలనుందో ముందు తేల్చుకో. లిస్టులో సగం అక్కడే పోతుంది.

తర్వాత గైడు. మన దేశపు థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దొరికే శోధ్‌గంగలో ఆయన దగ్గర చేసినవాళ్ల థీసిస్‌లు రెండు మూడు డౌన్‌లోడ్ చేసుకో. చివర ఇచ్చిన పుస్తకాల పట్టీలో ఈమధ్య వచ్చినవి ఎన్ని ఉన్నాయో చూడు. కృతజ్ఞతల పేజీ తప్పకుండా చదువు. గైడు ఏ అధ్యాయం ఎలా దిద్దారో, ఏ ఊరికి కూడా వచ్చారో రాసిన పిల్లకు నిజంగా చేయి పట్టుకుని నడిపించినవారు దొరికారన్నమాట. వీలైతే ఆ పిల్లకే ఫోన్ చేసి అడుగు.

నా సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. పెద్ద యూనివర్సిటీలో సీటు వచ్చిందని ఇంకేమీ చూడకుండా చేరిపోయాను. మా గైడుగారిది శాసనాల పని, నాది వాడుక మాట. నా కాగితాలు ఓపిగ్గా చదివి "బాగుందమ్మా" అనేవారు. అంతకు మించి ఏం చెప్పాలో ఆయనకు తెలిసేది కాదు. రెండేళ్లకు రిటైరయ్యారు. ఇంకో గైడు దొరికేసరికి ఏడాదిన్నర గడిచింది. రికార్డు చేసిన క్యాసెట్లు పెట్టెలో పెట్టి హాస్టల్ గదిలో ఏడ్చిన రోజులున్నాయి. నీకు ఆ రోజులు రాకూడదు.

2022 యూజీసీ నిబంధనల ప్రకారం సర్వీసు మూడేళ్లలోపే మిగిలినవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. కానీ నీ పనికి అంతకన్నా ఎక్కువ కాలమే పట్టవచ్చు, గడువే 6 ఏళ్లు. అందుకని ఆయనకు ఇంకా ఎంత సర్వీసుందో కనుక్కో. ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ 6 మందికి, అసిస్టెంట్ 4గురికి మించి గైడుగా ఉండకూడదు. ఖాళీ ఉందో లేదో తెలియకుండా అప్లికేషన్ ఫీజు కట్టకు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. నెట్ పరీక్షతో వచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఎక్కడైనా బతకొచ్చు. రాకపోతే అక్కడ ఎంత ఇస్తారో, హాస్టల్ ఉందో లేదో చూడు.

మీ నాన్న బరంపురం యూనివర్సిటీ దగ్గరని అంటున్నాడు. ఇంటికి దగ్గరన్నది నేను లెక్కలోకి తీసుకోను. సవరలుండే సెరంగోకి, పుట్టాసింగికి దగ్గరా కాదా అన్నది మాత్రం తీసుకుంటాను. ఒకసారి వెళ్లొస్తే తేలే పని కాదు ఇది. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూ సవరల దగ్గరే సవర నేర్చుకున్నారు. దూరంగా చేరినా సరే, ఏడాది పాటు ఫీల్డులో ఉండనిస్తారా అని చేరకముందే అడుగు.

నాలుగైదు చోట్లు మిగిలితే చాలు. ఆ గైడుల పేపరు ఒక్కొక్కటి చదివి, అందులో నీకు కలిగిన అనుమానంతో ఒక్కొక్కరికీ విడిగా మెయిల్ రాయి. పంపే ముందు నాకు చూపించు. ఆదివారం గుణుపురం రైలెక్కి వచ్చెయ్, వరండాలో కూర్చుని ఇద్దరం దిద్దుదాం.

మీ అత్త