ముందు నొప్పి పోవాలి, కమోడ్ సంగతి తర్వాత

"మా బాబుకి మూడున్నరేళ్లు. నాలుగైదు రోజులకోసారి గానీ మోషన్‌కి వెళ్లడు. కమోడ్ పేరెత్తితే ఏడుపు. భయం ఎలా పోగొట్టాలి?" అని అడిగారు. భయం గురించి తర్వాత చూద్దాం, ముందు మలం మెత్తబడాలి. నొప్పి ఉన్నంతకాలం ఏ బుజ్జగింపూ పనిచేయదు. మా పాపతో దాదాపు ఏడాది అవస్థ పడ్డాక చెబుతున్న మాట ఇది.

పాపకి అప్పుడు మూడేళ్లు. జ్వరం వచ్చి తగ్గిన వారంలో ఒకరోజు బాగా గట్టిగా వచ్చి, కాస్త చీరుకుని రక్తం కనిపించింది. ఆ ఒక్క రోజే చాలింది. అప్పటినుంచి మోషన్ వస్తోందనిపిస్తే చాలు, కర్టెన్ వెనక్కి వెళ్లి నిలబడేది. మునివేళ్ల మీద లేచి, కాళ్లు రెండూ మెలేసి, సోఫా అంచు పట్టుకుని బిగుసుకుపోయేది. మొహమంతా ఎర్రబడేది. పాపం ముక్కుతోంది, రావడం లేదు అనుకుని నేను పక్కనే కూర్చుని "ఇంకొంచెం ముక్కమ్మా, వచ్చేస్తుంది" అనేదాన్ని. నెలల తరబడి అదే మాట. చివరికి ఫోన్‌లో తీసిన వీడియో పిల్లల డాక్టర్‌కి చూపిస్తే ఆవిడ, "ఇది ముక్కడం కాదండీ. రాకుండా ఆపుకుంటోంది" అన్నారు. ఇంటికొచ్చి ఆ వీడియో మళ్లీ చూసుకుని ఏడ్చాను. తన బలమంతా పెట్టి దేన్ని ఆపాలని చూస్తోందో, దాన్నే తెచ్చుకోమని నేను పక్కన కూర్చుని చెబుతున్నాను.

ఆపుకున్నకొద్దీ పెద్దపేగు ఆ మలంలోని నీటిని పీల్చేస్తూ ఉంటుంది. అది ఇంకా గట్టిపడి, ఇంకా లావవుతుంది. వచ్చినప్పుడు ఇంకా నొప్పి, మళ్లీసారి ఇంకా గట్టిగా ఆపుకోవడం. ఇలా నిండి నిండి పేగు చివరి భాగం సాగిపోతే, వస్తోందన్న సంగతే పిల్లలకి సరిగా తెలియదు. అడ్డుగా ఉన్న గట్టి మలం పక్కనుంచి పల్చటిది కారి చెడ్డీకి అంటుకుంటుంది. మేం దాన్ని విరేచనాలనుకున్నాం. అంతకంటే ఘోరం, నేను తిట్టాను. "ఇంత పెద్దదానివయ్యావు, చెప్పలేవా?" అని. దానికే తెలియకుండా జరిగిపోయేదాన్ని ఎలా చెబుతుంది? ఈ మరకల కోసం పిల్లల్ని తిట్టడం, నలుగురిలో సిగ్గుపడేలా మాట్లాడటం ఎవరు చేసినా నాకు కోపం వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లయినా సరే, నేను ఊరుకోను.

డాక్టర్ పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి రాశారు. అది పేగులో నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తగా చేస్తుంది. ఇక్కడే మేం రెండో తప్పు చేశాం. రెండు వారాల్లో బాగా అవుతోంది కదా, మందు అలవాటైపోతుందేమోనని మానేశాం. పది రోజుల్లో మళ్లీ కర్టెన్ వెనకే! ఇది అలా అలవాటయ్యే మందు కాదు. పిల్లల జీర్ణకోశ వైద్యుల యూరప్, ఉత్తర అమెరికా సంఘాలు కలిసి 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కనీసం 2 నెలలు వాడాలని, ఇబ్బందులన్నీ పోయి నెల గడిచాకే మెల్లగా తగ్గించాలని స్పష్టంగా ఉంది. మాకు ఎనిమిది నెలలు పట్టింది. మోతాదు మాత్రం మీ డాక్టరే చెప్పాలి. "పీచు పెట్టండి, నీళ్లు తాగించండి" అని ప్రతి ఒక్కరూ సలహా ఇస్తారు. రోజూ తీసుకోవలసినంత ఉండాలి, నిజమే. కానీ లోపల ఇంత అడ్డం పడ్డాక పండ్లు, కూరగాయలే దాన్ని కదిలిస్తాయనుకోవడం పిల్లని ఇంకో నెల బాధపెట్టడమే.

డైపర్ మాన్పిస్తేనే చేర్చుకుంటామన్న ప్లే స్కూల్ తొందర కూడా మాకు చేటే చేసింది. ఆ టెన్షన్‌లో నేనూ పాపని కమోడ్ మీద బలవంతంగా కూర్చోబెట్టాను. చివరికి డాక్టర్ చెప్పినట్టు డైపర్‌లోనే వెళ్లనిచ్చాం, కాకపోతే బాత్రూమ్‌లో నిలబడి. కొన్నాళ్లకి మూత వేసిన కమోడ్ మీద డైపర్‌తోనే కూర్చుంది. ఆ తర్వాత చిన్న సీటు, కాళ్ల కింద పీట. ఆ పీట తప్పనిసరి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే పడిపోతానన్న భయంతో ఒళ్లు బిగుస్తుంది. మోకాళ్లు తుంటి కంటే పైకి ఉంటే మలం సులువుగా దిగుతుంది. తిన్నాక పేగు కదలిక పెరుగుతుంది కాబట్టి అప్పుడే ఐదు నిమిషాలు కూర్చోబెట్టేదాన్ని, చేతికి సబ్బు బుడగలు ఊదే గొట్టం ఇచ్చి. ఊదుతుంటే కింద కండరాలు వదులవుతాయి. వచ్చినా రాకపోయినా కూర్చున్నందుకే మెచ్చుకునేదాన్ని. తను దిగి బయటికొచ్చేదాకా ఫ్లష్ నొక్కేదాన్ని కాదు.

పుట్టిన మొదటి రెండు రోజుల్లో మోషన్ కాకపోయి ఉన్నా, ఇప్పుడు వాంతులు, పొట్ట ఉబ్బరం, రక్తం, బరువు పెరగకపోవడం, కాళ్లలో బలహీనత లాంటివి ఉన్నా రేపటిదాకా ఆగకండి. అవేవీ లేకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎన్ని రోజులకోసారి, ఎంత లావుగా, చెడ్డీకి అంటుతోందా, ఈ మూడూ రాసుకుని వెళ్లండి. వాడు ఆపుకుంటున్నప్పుడు ఒక వీడియో కూడా తీసి చూపించండి. మాకు నెలల తరబడి దొరకని జవాబు ఆ అర నిమిషం వీడియోలోనే దొరికింది.